గుల్లతిప్ప కాపలా

పదకొండు రోజులు బెజవాడ కచేరీ చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, పన్నెండో నాడు ముద్ర కొట్టిన కాగితం సంపాదించి, పేరయ్య బందరు కాలవలో పడవెక్కాడు. గెలిచి వస్తున్నవాడు మీసం మెలెయ్యాలి కదా! మనవాడు ఎక్కీ ఎక్కగానే ఎవరిదో బస్తాకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. అరవై దాటిన ఒంట్లో ఒక్క ఎముకా అతని మాట వినడం లేదు.

కాగితం గుల్లతిప్పది. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఉన్న చిన్న ఇసుక లంక అది. దాని ముందు, పోటుకు మునిగి పాటుకు తేలుతూ, ఒకదానికొకటి అతుక్కుని పెరిగిన ప్రాణమున్న గుల్లల గట్టు ఉంది. ఆ గట్టు సందుల్లోనే పండుగప్ప పిల్లలు, రొయ్యపిల్లలు, పీతలు పెరుగుతాయి. దాని చాటునే మాఘమాసంలో తాబేళ్లు ఇసుకెక్కి గుడ్లు పెడతాయి. గట్టు పోతే అలలు తిప్పను నాలుగేళ్లలో నాకేస్తాయి. అందుకే పల్లెపాలెం వాళ్లు తాతల నాడే కట్టుబాటు పెట్టుకున్నారు. గట్టు మీద గునపం పడకూడదు, గుడ్లున్న నెలల్లో తిప్ప మీద కాలు పడకూడదు. ముప్పై ఏళ్లుగా కాపలా పేరయ్యదే.

యుద్ధం వచ్చి బియ్యానికి కరువు, నూలుకు కరువు. వల చిరిగితే కట్టుకోవడానికి దారం దొరకదు. సరిగ్గా అప్పుడే, గుణదల మేడలకు సున్నం కాల్చే బెజవాడ కాంట్రాక్టరు కన్ను ఆ గుల్లల మీద పడింది. కులపెద్ద బసవయ్య పేరయ్యను పిలిచాడు.

"సర్కారు ముద్ర ఉంటేగానీ ఆడు ఆగడు పేరయ్యా. కాపలావోడివి, నువ్వెళ్తేనే మాట చెల్లుద్ది" అన్నాడు. పేరయ్య కొడుకు పెద్దబ్బాయి దగ్గరుండి పడవెక్కించాడు.

కచేరీలో గుమాస్తా మల్లేశ్వరరావు గారు చెడ్డవాడు కాదు, కాకపోతే ఆయన బల్ల మీద వాలిన కాగితం లేవాలంటే ముహూర్తం కుదరాలి.

"అంత కాపాడటానికి అక్కడేముందోయ్?" అని అడిగాడు.

"తాబేళ్లండి. పీతలండి. నీటికుక్కలండి. సలికాలం ఉల్లంకి పిట్టలు వత్తాయండి, ఆకాశం కనపడదండి."

"అందులో శిస్తు కట్టేవాళ్లెవరైనా ఉన్నారా?"

గదిలో అందరూ పకపకా నవ్వారు. తాబేలు శిస్తు కట్టదని పేరయ్యకూ తెలుసు. ఏం చెబితే వీళ్లకు అర్థమవుతుందో తెలియక, రోజూ అదే అరుగు మీద అటుకులు నములుతూ కూర్చున్నాడు. అలా కూర్చోగా కూర్చోగా, వీణ్ణి వదిలించుకుంటే చాలనుకున్నారో ఏమో, చివరికి గట్టు తవ్వకూడదన్న కాగితం మీద దొర సంతకం పెట్టాడు.

పామర్రు దగ్గర లాకులో పడవ ఆగింది. తలుపులకు అవతల, ఎదురొస్తున్న సరుకు పడవ ఒకటి వంతు కోసం ఆగి ఉంది. పేరయ్యకు ముందు వాసన తగిలింది. ముప్పై ఏళ్లు పీల్చిన వాసన, పొరబడే ప్రశ్నే లేదు. పడవ దిగి ఒడ్డున నడిచి వెళ్లి చూశాడు. పడవ నిండా తడి గుల్లలు. అడుగు నుంచి పెరికిన పెళ్లలు. వాటి మధ్య పీతపిల్లలు ఇంకా నురుగు కక్కుతూ కదులుతున్నాయి. ఒడ్డున పడవ లాగే తాడు భుజాన వేసుకుని పెద్దబ్బాయి నిలబడి ఉన్నాడు.

"ఎన్నాళ్లబట్టిరా?" అన్నాడు పేరయ్య.

"నువ్వెళ్లిన మర్నాటి నించి."

"ఇందుకా బసవయ్య నన్ను పంపింది!"

పెద్దబ్బాయి తల దించుకున్నాడు. "పంపమని చెప్పింది నేనే నాన్నా. నువ్వుంటే గునపాలకి అడ్డం పడి చత్తావు. పిల్లలు గంజి నీళ్లతో ఎన్నాళ్లు బతుకుతారు? కాంట్రాక్టరు బియ్యం ఇత్తన్నాడు."

కోపం రావాలి. వచ్చిందేమో కూడా, కానీ అది నిలిచేందుకు ఆ ఒంట్లో ఓపిక లేదు. కొడుకు భుజం మీద తాడు ఒరిసి పుండైన చోట ఈగలు వాలుతుంటే మాత్రం పేరయ్య తువ్వాలుతో వాటిని తోలాడు.

"గట్టు ఎంత మిగిలింది?"

"సగం. ఎనక ఇంకో నాలుగు పడవలు వత్తన్నాయి."

అంతా పోయిందంటే ఎంత హాయిగా ఉండేది! కాగితం కాలవలో పడేసి ఇంటికెళ్లి పడుకునేవాడు. సగం మిగిలిందే, అదీ తంటా.

తండ్రీకొడుకుల మాటలు చెవిన పడి, లాకు మనిషి ఆమోసు సరుకేమిటని అడుగుతూ వచ్చాడు. పేరయ్య కాగితం తీసి ఇచ్చాడు. ఆమోసు కూడబలుక్కుని చదివి, తండ్రినీ కొడుకునూ మార్చి మార్చి చూసి, గొంతు తగ్గించాడు.

"తాతా, ఇది నేను చూశానంటే పడవలన్నీ ఆపాల. తీసినోడి పేరు రాయాల. జవాను వచ్చి లోపలేత్తాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారుగా మీవోళ్లు, నువ్వెందుకు పట్టడం? నేను చదవలేదనుకుంటా, లోపల పెట్టుకో."

పేరయ్య చెయ్యి చాచాడు. ఆ చెయ్యి కాగితం దాకా వెళ్లి ఆగిపోయింది.

"రాసుకో అయ్యా" అన్నాడు. "పెద్దబ్బాయి. తండ్రి పేరు పేరయ్య."

తాడు లాగే మిగతా ఇద్దరూ "నీ కాపలా తగలెయ్య!" అని తిట్టిపోశారు.  పెద్దబ్బాయి తాడు కింద పడేసి కాలవ వైపు తిరిగాడు. తరువాత వచ్చి తండ్రి పక్కన లాకు గోడ మీద చతికిలబడ్డాడు. జవాను రావడానికి ఇంకా వేళ ఉంది.

"అన్నం తిన్నావా?" అని కొడుకు అడిగాడు.

"నిన్న."

పెద్దబ్బాయి పడవలోకి వెళ్లి సత్తు గిన్నె తెచ్చాడు. తెల్లటి అన్నం, పక్కన ఎండుచేప ముక్క. ఆ బియ్యం ఎక్కడివో ఇద్దరికీ తెలుసు. పేరయ్య గిన్నె ఒళ్లోకి తీసుకున్నాడు. కళ్ల నీళ్లు అన్నంలో పడుతుంటే తుడుచుకోకుండానే కలిపి తిన్నాడు. గిన్నె ఖాళీ అయ్యాక, కొడుకు మొహం చూడలేక నేల చూస్తూ, ఇంకో ముద్ద ఉంటే పెట్టమన్నాడు.