ఎడమచేతి వడ్డన

గురువారం వచ్చిందంటే స్నిగ్ధకు తలప్రాణం తోకకొస్తుంది. పొద్దున ఏడింటికి హైదరాబాదులో బస్సెక్కి, సిద్దిపేటలో దిగి, ఆటో పట్టుకొని దత్తాత్రి ఇంటికి చేరేసరికి పది. నాలుగు నెలలుగా ఇదే వరస. ఈసారి మరీ కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది.

పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ల కోసం ఆమె కంపెనీ ఒక ఆట తయారుచేస్తోంది. కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే ఎదురుగా ఇంకో లోకం కనిపిస్తుంది. అక్కడ పని జరగాలంటే పడిపోయిన చేతిని ఎత్తక తప్పదు. మనసుకు నచ్చిన పనైతే మనిషి తనంతట తానే చేస్తాడని స్నిగ్ధ నమ్మకం. దత్తాత్రి ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకు వంట చేసినవాడు. అందుకే ఏరికోరి పెళ్లిబంతి తయారుచేసింది. విస్తరాకుల ముందు జనం కూర్చుంటారు, ఆయన పడిపోయిన ఎడమచేత్తో గంటె పట్టి పప్పు వడ్డించాలి. ఆ బంతి కోసం మూడు వారాలు ఆమె కంటి మీద కునుకు లేదు.

ఎప్పుడడిగినా దత్తాత్రి "మస్తుగుంది బిడ్డా" అంటాడు. ఫారంలో ఐదుకు ఐదు మార్కులు వేయిస్తాడు. రోజుకు నలభై నిమిషాలు పెట్టుకుంటున్నాడని మిషనే చెబుతోంది. చెయ్యి మాత్రం ఒక్కసారీ లేవలేదు! మిషన్ చెడిందనుకొని రెండుసార్లు మార్చింది. ఏం లాభం? నిన్న మేనేజర్ శ్రీవర్ధన్ తేల్చేశాడు, రేపు పోయి దాన్ని తెచ్చెయ్, ఇంకొకరికిద్దాం అని.

దత్తాత్రి భార్య కన్యక చాయ తెచ్చిచ్చింది. స్నిగ్ధ అది తాగి గ్లాసు కింద పెట్టింది.

"కాకా, ఇయ్యాల మిషన్ తీస్కపోతున్న," అంది.

దత్తాత్రి ముఖం వాడిపోయింది. "నీ నౌకరికేం కాదు గద బిడ్డా?"

"నా నౌకరి సంగతి నీకెందుకు? చెయ్యెందుకు లేపలేదో గది చెప్పు."

ఆయన తల దించుకున్నాడు. కన్యకకు ఒళ్లు మండింది.

"చెప్పరాదూ! రోజూ గా మిషన్ పెట్టుకొని బొమ్మ లెక్క కూసుంటడమ్మా. ఎందుకయ్యా అంటే, పెట్టుకోకపోతే పిల్లను కొలువుల నుంచి తీసేస్తరంటడు."

"మరి ఏం చెయ్యాలె?" అన్నాడు దత్తాత్రి. "ఎడమచేత్తో అన్నం పెడ్తరా ఎవరన్న? ముప్పై ఏండ్లల ఒక్క మెతుకు పెట్టలే. ఆకుల ముందట కూసొని అందరు నా దిక్కే చూస్తరు. చూడలేక కండ్లు మూసుకుంట."

స్నిగ్ధకు తల తీసేసినట్టయింది. ఆమెదీ పక్కనున్న హుస్నాబాదే. చిన్నప్పుడు ఎడమచేత్తో ఏది అందించినా అవ్వ చేతి మీద ఒక్కటిచ్చేది. కంప్యూటర్ ముందు కూర్చోగానే ఆ బుద్ధి ఎటు పోయిందో! పడిపోయింది ఎడమచెయ్యి గనుక గంటె ఎడమచేతికి ఇచ్చింది. ఓ పెద్దమనిషిని నాలుగు నెలలు ఖాళీ విస్తళ్ల ముందు కూర్చోబెట్టింది. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"నాకు చెప్పొచ్చు గదా కాకా?"

"గంత దూరం నుంచి బస్సుల వడి వస్తవు. మంచిగలేదని మొఖం మీద ఎట్లంటం?"

"వడ్డించేటప్పుడు మరి ఎడమచెయ్యి ఏం చేస్తది?"

"పప్పు బకెట్ పట్టుకుంటది. కుడిచేతిది గంటె తిప్పుడే. బరువంత ఎడమచెయ్యే మోస్తది."

మొదటి రోజే అడగాల్సిన మాట అది. ఇన్ని ఫారాలు నింపించింది, ఈ ఒక్కటీ అడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

కన్యక లోపలికెళ్లి స్టీలు బకెట్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. దత్తాత్రి స్టూలు మీద కూర్చొని ఎడమచెయ్యి దించాడు గానీ వేళ్లు ముడుచుకోలేదు. స్నిగ్ధ ఒక్కో వేలూ పట్టి బకెట్ పిడి చుట్టూ వంచి, పైన తువ్వాలు కట్టింది. ఆయన పళ్లు బిగించాడు. భుజం వణికింది. ఖాళీ బకెట్ నేల నుంచి రెండు వేళ్లెత్తు లేచింది. అంతలోనే తువ్వాలు జారి బకెట్ దభీమని కిందపడింది. దత్తాత్రి నుదుటి నిండా చెమట.

"బకెట్‌తోని కొత్త ఆట చేస్త కాకా. నెల పడ్తది. కంపెనీల కొట్లాడి మిషన్ మల్ల తెస్త," అంది స్నిగ్ధ.

"నెల దాకా చెయ్యి ఆగుతదా?"

పక్షవాతం వచ్చాక మొదటి ఆరు నెలల్లో చెయ్యి ఎంత కదిలితే అంత మేలని దవాఖానలో చెప్పారు. అందులో ఐదు అయిపోయాయి. ఏం కాదులే కాకా అనడం ఆమెకు తేలికే. వచ్చినప్పుడల్లా అదే అనేది.

"ఆగదు కాకా," అంది.

కన్యక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దత్తాత్రి కుడిచేత్తో తువ్వాలు తీసి స్నిగ్ధకు అందించాడు.

"ఇందాక వదులుగ కట్టినవు. మంచిగ కట్టలే," అన్నాడు. "ఈసారి గట్టిగ కట్టు."