ఎండచావు ఇందలేసియో సినిమా

స్పెయిన్‌లో ఎడారి అంచునున్న మా తబెర్నాస్‌లో కౌబాయ్ సినిమాలను పోస్టరు మీది పేర్లతో పిలవరు. ఆ పేర్లు పెట్టింది రోములోనో మ్యూనిక్‌లోనో కూర్చున్న పెద్దమనుషులు. ఈ ఎడారిలో గుర్రాల మీంచి పడింది మావాళ్ళు. అందుకని ఎవరు చచ్చారో వాళ్ళ పేరే సినిమాకు పేరు. 'ఫెర్మిన్ తొట్లో పడ్డ సినిమా', 'కవలలిద్దరూ ఒకే తూటాకు పోయిన సినిమా', 'మా లియాందో పెదనాన్న మూడుసార్లు చచ్చిన సినిమా'. ఆ మూడోది అబద్ధం కాదు. మీసంతో ఒకసారి, మీసం తీసి ఒకసారి, గడ్డం అంటించి ఒకసారి చంపారు ఆయన్ని.

సినిమావాళ్ళు కట్టి వదిలేసి పోయిన చెక్క ఊరు ఇంకా ఎడారిలో అలాగే ఉంది. అక్కడ టికెట్లిచ్చే కిటికీ నాది. వచ్చేవాళ్ళలో సగం మంది ఈ సినిమాలు ఒక్కటీ చూసి ఉండరు. "ఏది ముందు చూడమంటారు?" అని అడుగుతారు. అడిగితే ఊరుకునే రకమా నేను? ముందు తొట్టి సినిమా చూడండి, నవ్వుకుంటూ ఆ దుమ్ముకూ తుపాకీ మోతకూ అలవాటుపడతారు. తర్వాత కవలల సినిమా. అందులో మాటలు తక్కువ. ఒక మనిషి ఎదుటి మనిషిని చూస్తూ నిలబడితే చాలు, మన గుండె దడదడలాడుతుంది. హీరో ఓడిపోయే సినిమా మాత్రం చివరికి దాచుకోండి, అది ముందే చూస్తే మిగతావన్నీ పిల్లలాటల్లా కనిపిస్తాయి. ఇంకో మాట కూడా తప్పకుండా చెబుతాను. హీరోని చూడకండి, ఓడినా గెలిచినా వాడెలాగూ బతుకుతాడు. చచ్చేవాళ్ళను చూడండి.

చచ్చేవాళ్ళలో మావాళ్ళను పోల్చుకోవడం చాలా తేలిక. తూటా తగలగానే మావాడు రెండడుగులు తూలి, గోడ నీడలోకో బండి నీడలోకో వెళ్ళి పడతాడు. ఆగస్టు ఎండలో డైరెక్టరు 'కట్' అనేదాకా శవం కదలకూడదు మరి. నడి ఎండలో పడి ఉన్నవాడు కచ్చితంగా మాద్రిద్ నుంచి వచ్చినవాడే. నీడ చూసుకుని చావడం మా ఊరి విద్య. తండ్రి కొడుక్కు నేర్పేవాడు.

ఆ విద్య తెలిసి కూడా ఎండలో చచ్చినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. మా నాన్న ఇందలేసియో.

ఆ సినిమా పేరు నేనెవరికీ చెప్పను. ఆ రోజుల్లో అది మా ఊరి థియేటరుకు రానేలేదు. తర్వాతెప్పుడో వీడియో కేసెట్‌గా వచ్చి ఇంటింటికీ చేరింది. అందులో మా నాన్న నెత్తిన టోపీ లేదు. అడుగు దూరంలో బండి చక్రం, దాని నీడ అంచు కనిపిస్తూనే ఉంటాయి. అయినా మా నాన్న నడివీధిలో వెల్లకిలా పడి సూర్యుడికి మొహం అప్పగించాడు. షాట్ పూర్తయ్యేసరికి వడదెబ్బ తగిలి నిజంగానే సగం చచ్చాడట. అప్పటినుంచి ఆయన ఎండచావు ఇందలేసియో. బాల్కనీల మీంచి పక్షిలా పడినవాడు, పరుగెత్తే గుర్రం మీంచి జారి మళ్ళీ ఎక్కినవాడు ఆ ఒక్క పేరుతో మిగిలాడు. ఎందుకలా చేశావు నాన్నా అంటే "పడ్డాను, అంతే" అనేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

ఆ పేరును ఎక్కువగా వాడేది బార్ నడిపే ఎలాదియో. వాడి అక్కసుకు కారణం ఉందిలెండి. వాళ్ళింటికి సినిమా లేదు. వాడు పెద్దయ్యేసరికి సినిమావాళ్ళు సర్దుకుని వెళ్ళిపోయారు. వాళ్ళమ్మ విర్తూదెస్ కూడా గుంపుల్లో నిలబడేదని చెప్పుకుంటారు గానీ, ఏ కేసెట్‌లోనూ ఆవిడ కనబడదు. వాడు బడికి వెళ్ళే ఈడు రాకముందే ఆవిడ పోయింది. అందరి తాతలూ తండ్రులూ గోడ మీద ఆడే సినిమాల్లో చస్తుంటే వాడొక్కడూ గ్లాసులు అందిస్తూ ఉంటాడు.

ఈ ఆగస్టులో మా అమ్మాయి నియేవెస్ తను చేసుకోబోయే అబ్బాయిని తీసుకొచ్చింది. పేరు బ్రాయిస్, ఊరు ఉత్తరాన గలీసియాలో. ఎప్పుడూ వాన పడే చోటు. ఒక్క కౌబాయ్ సినిమా కూడా చూడలేదట! మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కాబోయే అల్లుడికి భోజనానికి ముందు ఇంటి సినిమా చూపించాలి. ఈ ఇంటి మనిషి ఎక్కడ చచ్చాడో అతను లేచి వేలు పెట్టి చూపించాలి. చూపించాకే కంచం ముందు కూర్చోవాలి. ఇరుగుపొరుగంతా వస్తారు. నేను బాల్కనీ సినిమా సిద్ధం చేసి పెట్టుకున్నాను. అందులో మా నాన్న ఎంత అందంగా పడతాడంటే, చూసినవాళ్ళు లేచి నిలబడాల్సిందే.

మధ్యాహ్నం తలుపులూ కిటికీలూ మూసి, ముందుగది గోడ మీదికి ప్రొజెక్టరు తిప్పాం. మా నాన్న తన పేము కుర్చీలో కూర్చున్నాడు. ఎలాదియో ఐసు గిన్నె పట్టుకుని వచ్చాడు.

"ఏమ్మా గాదోర్, ఏ సినిమా వేస్తున్నావు?"

"బాల్కనీది."

"అదేంటి! పేరు తెచ్చిన సినిమా దాచేసి, పేరు లేనిది వేస్తావా? ఇదిగో అబ్బాయ్, మీ తాతగారు సూర్యుడితో కుస్తీ పట్టారు, నీకు చెప్పలేదూ?"

"ఎలాదియో, నోరు మూసుకుని ఐసు అక్కడ పెట్టు."

"నేనేమన్నాను? బాబాయ్, నేనేమైనా తప్పన్నానా?"

మా నాన్న నవ్వాడు. ఎప్పుడూ అంతే, నవ్వి ఊరుకుంటాడు.

అప్పుడు బ్రాయిస్ గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యా, ఆ సినిమా నేను తెచ్చాను. నిన్న బార్‌లో విన్నాను. మా ఊళ్ళో పాత సినిమాలు భద్రపరిచే చోట నాకు తెలిసినవాళ్ళున్నారు. అడిగితే థియేటర్లో వేసిన కాపీ రాత్రికి రాత్రే నెట్‌లో పంపారు."

నియేవెస్ వైపు చూశాను. అది పైకప్పు వైపు చూసింది. ఇద్దరి వీపులూ విమానం మోత మోగించాలనిపించింది. రేపటినుంచి ఈ ఇంటి మనిషి కావలసిన పిల్లవాడు, మా నాన్నను మొట్టమొదట చూసేది ఊరంతా పగలబడి నవ్వుతుండగానా? ఒకసారి ఆ నవ్వులో కలిశాడంటే ఇక జన్మలో ఆయన్ని మరోలా చూడగలడా?

"ఆ సినిమా ఈ ఇంట్లో ఆడదు" అన్నాను.

"ఆడనీవే" అన్నాడు మా నాన్న. "అంత దూరం నుంచి తెప్పించాడు. చూడనీ."

ఆయన మాట కాదనలేక ప్రొజెక్టరు అతనికి వదిలేశాను. బొమ్మ పడగానే అందరూ ఒకసారి "ఓహ్" అన్నారు. కేసెట్‌లో చూసిన బొమ్మ చదరంగా ఉండేది. టీవీలో పట్టడానికి రెండు పక్కలా కోసేశారని బ్రాయిస్ చెప్పాడు. ఇది గోడంతా నిండి, అలమర మీదికి కూడా పాకింది. మాకు కంఠతా వచ్చిన వీధే, కానీ ఎప్పుడూ చూడని అరుగులు, ఎప్పుడూ చూడని గుర్రాలు కనిపించాయి.

ఆ షాట్ వచ్చింది. బందిపోట్లు కాల్పులు మొదలెట్టారు. మావాళ్ళంతా ఎవరి నీడ వాళ్ళు వెతుక్కుని చక్కగా చచ్చారు. మా నాన్న తూలుతూ వచ్చి నడివీధిలో వెల్లకిలా పడ్డాడు. అలవాటుగా నవ్వులు లేచాయి. అందరికంటే పెద్దగా నవ్వింది ఎలాదియో. 

బ్రాయిస్ బొమ్మ ఆపి, లేచి, గోడ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టాడు. "ఇదిగో తాతగారు."

"శభాష్! కంచం పెట్టండి అల్లుడికి!" అని ఎలాదియో అరిచాడు.

బ్రాయిస్ నవ్వలేదు. అతని వేలు బండి చక్రం దాటి, నీడలోకి, బొమ్మ అంచుదాకా జరిగింది. "తాతగారి నెత్తిన టోపీ లేదు. మరి ఈ టోపీ ఆయనదేనా? ఇక్కడుందేం?"

బండి కింద నీడ ఒక్క మనిషికి సరిపోయేంతే ఉంది. అందులో ఒక ఆడమనిషి మా వైపు మొహం తిప్పి, కళ్ళు మూసుకుని చచ్చి పడి ఉంది. ఆవిడ పొట్ట మీద మగవాళ్ళ టోపీ ఒకటి బోర్లించి ఉంది. రెండు చేతులతో దాన్ని పట్టుకుంది. చచ్చినవాళ్ళెవరూ టోపీని అంత గట్టిగా పట్టుకోరు.

ఎలాదియో చేతిలో ఐసు గిన్నె ఒరిగి, ముక్కలు నేల మీద దొర్లాయి.

"అమ్మ" అన్నాడు.

 వాడి దగ్గర వాళ్ళమ్మది ఒక్క పెళ్ళి ఫోటో తప్ప ఏమీ లేదు. గోడంత వెడల్పున ఆవిడ పడుకుని ఉంది, పాతికేళ్ళు కూడా లేవు.

"బాబాయ్, ఆ టోపీ నీదేనా?"

"నాదే."

"ఎందుకిచ్చావు?"

మా నాన్న కుర్చీ చెయ్యి నిమిరాడు. "కడుపుతో ఉన్నవాళ్ళను పనిలోకి రానిచ్చేవాళ్ళు కాదురా. పెద్ద శాలువా కప్పుకుని, పొట్ట దాచి వచ్చింది మీ అమ్మ. పడుకుంటే ఎక్కడ దాగుతుంది? కెమెరా అటు తిరుగుతోంది. టోపీ పెట్టాను. నీడ కూడా ఆవిడకే కావాలి కదా. అక్కడ ఇద్దరికి చోటు లేదు."

"ఇన్నేళ్ళూ నేను నిన్ను..." ఎలాదియో మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఒక్కసారి చెప్పి ఉండొచ్చు కదా బాబాయ్!"

"మీ అమ్మ ఉండగా చెబితే, నేను ఎదురుపడ్డప్పుడల్లా ఆవిడ తల దించుకోవాల్సి వచ్చేది. అది నాకిష్టం లేదు. ఆవిడ పోయాక చెబితే నమ్మేదెవరు? కేసెట్‌లో ఆవిడే లేదాయె." ఆయన గోడ వైపు చెయ్యి చాపాడు. "ఏడవకురా. నువ్వూ ఉన్నావు అక్కడ. టోపీ కింద. నవంబరులో పుట్టావు."

ఎలాదియో వచ్చి కుర్చీ ముందు నేల మీద, ఆ ఐసు నీళ్ళలోనే కూర్చుని మా నాన్న మోకాలి మీద తల పెట్టాడు. మా నాన్న వాడి బట్టతల మీద చెయ్యి వేశాడు.  ఆయన నా తండ్రి అని వీధిలోకి వెళ్ళి అరవాలనిపించింది. ఇన్నాళ్ళూ మండిన ఒళ్ళు ఒక్కసారి చల్లబడింది. బ్రాయిస్ కంచంలో నా చేత్తోనే మాంసం వడ్డించాను, వద్దంటున్నా వినకుండా.

మర్నాడు టికెట్ కిటికీ దగ్గరికి పోర్చుగల్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఈ సినిమాలు కొత్త, ఏది ముందు చూడమంటారని అడిగారు. నేను నోరు తెరిచేలోపే, బార్‌కు సోడా సీసాలు మోసుకెళుతున్న ఎలాదియో ఆగి, పెట్టె దించి, వాళ్ళ దగ్గరికి వచ్చాడు.

"ముందు ఎండచావు ఇందలేసియో సినిమా చూడండి" అన్నాడు. "కేసెట్‌లో కాదు, పూర్తి బొమ్మ చూడాలి. ఎడమ పక్కన బండి ఉంటుంది. దాని కింద చూడండి, అందులో నేనూ ఉన్నాను."