ఎత్తు కత్తిపీట

మూడేళ్ల క్రితం మా ఆవిడ అసిరమ్మకి రొమ్ములో కేన్సరు గడ్డ తీశారు. పీడ పోయిందనుకున్నాం. ఈ వేసవిలో కుడి తొడ సలుపుతోందంది. గాజువాక బజారులో రోజంతా నేల మీద కూర్చుని చేపలు కోసే మనిషి, నొప్పి రాదా అనుకున్నాను. నెల రోజులు ఆముదం మర్దనా చేశాను. అది నా తప్పు.

తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరు ఇర్ఫానా మా పట్నంలోనే పాత ఊరి అమ్మాయి. ఎక్స్‌రేని కంప్యూటరు మీద చూపించింది. తొడ ఎముక పైకొస, తుంటిలోకి వెళ్లే మెడలాంటి సన్నని చోట, తుప్పు తిన్న రేకులా ఉంది. పాత కేన్సరే ఎముకలోకి పాకిందంది. ముప్పై ఆరేళ్లు ఓడలకి వెల్డింగు చేశాను. తుప్పుని ఎక్కడున్నా పోల్చుకుంటాను. మనిషి లోపల కూడా చూస్తాననుకోలేదు.

"ఇంకా విరగలేదు తాతా. చిన్న మెలిక పడినా విరుగుతుంది. కాలు మోపనివ్వొద్దు" అంది.

"పైనించి ప్లేటేసి బోల్టులు బిగించీయండమ్మా. ఓడకి మేం అలాగే సేత్తాం."

అసిరమ్మ తమ్ముడు అబ్బులు పక్కనే ఉన్నాడు. "నయం బావా, ఎల్డింగు మిసను తెత్తానన్లేదు" అని నవ్వాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. "తుప్పు రేకు మీద ప్లేటేస్తే ఏమవుతుంది తాతా?"

"ప్లేటు ఉంటాది. దాని అంచున పాత రేకు సీలుతాది."

"ఇక్కడా అంతే."

సొరుగులోంచి రెండు నమూనాలు తీసింది. ఒకటి తొడ పొడవున్న రాడ్డు. ఎముక బోలులోకి దిగుతుందట. ఎముక అతుక్కుంటే తర్వాత నేల మీద కూర్చోవచ్చు. కానీ ఇంతలా తినేసిన ఎముక అతుక్కోకపోవచ్చు. అప్పుడు బరువంతా మోసీ మోసీ రాడ్డే విరగొచ్చు.

రెండోది నిగనిగలాడే గుండున్న కాడ. పాడైన ముక్క కోసేసి దీన్ని బిగిస్తారు. రెండో రోజే నడిపిస్తారు. కానీ ఇంక నేల మీద కూర్చోకూడదు. కీలు జారిపోవచ్చు.

"మిగతా పరీక్షలు బాగున్నాయి. చాలాకాలం నడవాల్సిన మనిషి. నేనైతే రెండోదే అంటాను. కానీ కాలు ఆవిడది. అడిగి చెప్పండి."

ఆ గుండుని చేతిలోకి తీసుకున్నాను. గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఓడల యార్డులో పగులుని అలాగే పట్టేవాళ్లం. సన్నగా, శుద్ధంగా మోగింది. అతుకు ఎక్కడుందా అని వేలితో తడిమాను. దొరకలేదు.

"తుప్పట్టదా అమ్మా?"

"రక్తమూ ఉప్పే తాతా. అయినా పట్టదు."

సముద్రానికి లొంగని ఇనుముని నేను ఏనాడూ చూడలేదు.

వార్డులో అసిరమ్మకి అంతా చెప్పాను.

"రాడ్డే ఎయ్యమను. కింద కూకోకపోతే సేపలెలాగ కోత్తాను? సేప కొయ్యని అసిరమ్మని బజార్లో ఎవులు పలకరిత్తారు?"

నేను వంగి ఆవిడ మంచం కాళ్లు చూస్తున్నాను.

"ఏటయ్యా, నోటికి ఎల్డింగు ఏసీసుకున్నావా?"

ఆవిడ మంచం ఎత్తుని జానతో కొలిచాను. "కత్తిపీట ఎత్తుగా సేత్తాను. కుర్సీలో కూకుని కోద్దువు గాని."

"అంతెత్తున పీటని కాలితో తొక్కిపట్టీదెలాగ?"

"తొక్కక్కర్లేదు. ఇనప బల్లకి అతికీత్తాను."

"కదిలిందంటే ఊరుకోను" అంది. "ఆ గుండే ఎయ్యమను."

ఆపరేషను అయిన రెండో రోజు పొద్దున్న ఇద్దరు నర్సులు ఆవిడని లేపారు. వాకరు పట్టుకుంది. కుడికాలు నేలకి ఆనించింది. ఒక అడుగు. ఇంకో అడుగు. కిటికీ దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. కొత్త ఓడ కట్టిన గట్టు మీంచి జారి నీళ్ల మీద నిలబడినప్పుడు యార్డులో అందరం టోపీలు తీసేవాళ్లం. తలకున్న తువ్వాలు తీశాను.

"ఏటలా సూత్తన్నావు? మనిసి నడవడం ఎప్పుడూ సూడలేదేటి?" అంది.

తర్వాత తొడకి కరెంటు, అదే రేడియేషను, పెట్టారు. మాత్రలు నడుస్తున్నాయి. జబ్బు పూర్తిగా పోదని డాక్టరమ్మ దాచకుండానే చెప్పింది.

నాలుగో నెలలో అసిరమ్మ బజారుకెళ్లింది. ఎత్తు కుర్చీలో కూర్చుని మొదటి వంజరం చేప కోసింది. కోసే ముందు నేను కత్తిపీట అతికిన బల్లని రెండు చేతులతోనూ ఊపి చూసింది. కదల్లేదు.

వారానికే నా వెల్డింగు మీద తుప్పు కనబడింది. ఉప్పునీళ్లు కదా. ప్రతి ఆదివారం గీకి రంగు వేస్తున్నాను. నేను వంగి రంగు వేస్తుంటే ఆవిడ పక్కనే నిలబడి ఉంటుంది, ఎవరూ రంగు వెయ్యక్కర్లేని ఆ కాలి మీద.