విజిల్ లేని వంటిల్లు

పెరంబూరు రైల్వే క్వార్టర్సులో, ఆ వరస మొత్తానికి, కుక్కరు వాడని ఇల్లు తాయారుదొక్కటే. కుక్కరు లేక కాదు. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన కుక్కరు అటక మీద పాత దుప్పట్లో చుట్టుకుని, కాపురానికొచ్చిన నాటి నుంచీ హాయిగా నిద్రపోతోంది. ఎవరైనా అడిగితే తాయారు దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "గంజి వార్చిన అన్నం రుచి కుక్కరన్నానికి యాడ వస్తాదక్కా!" ఆ మాట విని ఇరుగుపొరుగు ఎంత మెచ్చుకునేవాళ్ళో. ఈ కాలంలో ఇంత ఓపికైన కోడలా అని! అత్త వేదవల్లమ్మ మాత్రం మెచ్చుకోలేదు. "నీ పప్పు ఉడికేలోపల నాకున్న నాలుగు పళ్ళూ రాలిపోతాయే" అని రోజుకొకసారి అనకపోతే ఆవిడకు కాఫీ గొంతు దిగేది కాదు.

అసలు సంగతి వేరే. ఆ విజిల్ పడితే తాయారుకి చెవిలో దబ్బనం దించినట్టుంటుంది. అది పడటం కంటే, ఇప్పుడు పడుతుంది ఇప్పుడు పడుతుంది అని కాచుకోవడం ఇంకా అన్యాయం. ఒళ్ళంతా బిగుసుకుని, చేతిలో గరిటె ఎందుకు పట్టుకుందో మరిచిపోయేది. దానికంటే రెండు గంటలు పొయ్యి ముందు నిలబడటమే సుఖం. తాయారు బతుకంతా ఇట్లాంటి సాకులే. పట్టుచీర ఒంటికి తగిలితే చీమలు పాకినట్టుంటుంది కాబట్టి, "మంచి చీర, దాచిపెట్టుకుంటున్నాను" అనేది. ఆదివారం పూట చెప్పాపెట్టకుండా బంధువులు దిగితే మాటలు పెగలక వంటింట్లో దూరి వాళ్ళకు వడలు వండేది. వడలు తిన్నవాళ్ళు "మీ కోడలికి మర్యాద తెలుసు" అనిపోయేవాళ్ళు. మనుషుల కళ్ళల్లోకి చూస్తే వాళ్ళు చెప్పే మాట చెవికెక్కదు. "ముఖం చూసి మాట్లాడు, నేల మీదేముంది?" అని కొత్తలో అత్త గద్దించాక, ఎదుటివాళ్ళ బొట్టు చూస్తూ మాట్లాడటం నేర్చుకుంది. మగవాళ్ళయితే కనుబొమ్మల మధ్య. పట్టుకున్నవాడెవడు! అందరికీ ఇట్లాగే ఉంటుందనీ, అందరూ తనలాగే లోలోపల పళ్ళు బిగించి నెట్టుకొస్తున్నారనీ ముప్పై ఎనిమిదేళ్ళు నిండేదాకా నమ్మింది. పాపం, ఎవరూ నోరు తెరిచి చెప్పుకోరు, అంతే అనుకునేది.

ఆ నమ్మకం పిల్లల డాక్టరమ్మ గదిలో విరిగింది. ఒక్కతే కూతురు శ్రీప్రియకి ఏడేళ్ళు. అడిగిన ప్రశ్ననే తిరిగి అప్పజెబుతుంది, బడిగంట కొడితే బల్ల కింద దూరుతుంది అని టీచరు కబురు పెడితే తీసుకెళ్ళారు. డాక్టరమ్మ ఒక్కొక్కటే అడుగుతూ, కుక్కరు విజిల్ పడితే పిల్ల చెవులు మూసుకుంటుందా అంది.

"మా ఇంట్లో కుక్కరు ఎక్కించరు డాక్టర్" అన్నాడు తాయారు మొగుడు దేవరాజులు, అదో ఘనకార్యమైనట్టు.

"పక్కింటి కుక్కరుకే మంచం కింద దూరుతాది" అంది తాయారు. "అయినా ఎవరు మూసుకోరు డాక్టర్?"

డాక్టరమ్మ తలెత్తింది. "మీరు మూసుకుంటారా?"

"నేను మూసుకోను, పెద్దదాన్ని కదా. మూసుకోవాలని ఉంటాది, అంతే. అందరికీ ఉండేదే కదా."

దేవరాజులు పకపకా నవ్వాడు. "నాకేముండదే!"

తాయారు ఆయన ముఖంలోకి, నిజంగా కళ్ళల్లోకే, చూసింది. వేళాకోళం కాదు. ఆయనకి నిజంగానే ఏమీ ఉండదు. ఆ తరవాత డాక్టరమ్మ బట్టల కుట్లు గుచ్చుకుంటాయా, కొత్తవాళ్ళొస్తే ఏం చేస్తుంది, ముఖం చూస్తుందా అని అడుగుతుంటే, పిల్ల సంగతి తలచుకునేలోపలే 'అవును' తాయారు నాలుక మీదికి వచ్చి కూచుంటోంది. చివరికి డాక్టరమ్మ దీన్ని ఆటిజం అంటారని చెప్పి, లేచేటప్పుడు కళ్ళు తిరిగి బల్ల పట్టుకున్న తాయారుకి కూడా పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. చూసి పెదవి విరిచి, మాత్రలు రాసిచ్చింది.

"ఇట్టాంటి పిల్లలు పెద్దయితే ఏమవుతారు డాక్టర్? ఎన్నాళ్ళు బతుకుతారు?" అంది తాయారు.

"నా దగ్గరికి పిల్లలే వస్తారమ్మా. పెద్దవాళ్ళు రారు. వాళ్ళెక్కడున్నారో, ఎన్నేళ్ళు బతుకుతున్నారో చెప్పే పుస్తకం నాకింకా దొరకలేదు. రోగం పేరు చూసి ఆయుష్షు చెప్పలేను. కానీ ఎవరైనా సరే, పొద్దస్తమానం బిగబట్టుకుని బతికితే ఆ బరువు మోసేది గుండె, నరాలూనే. పిల్లని బిగించకండి."

వాళ్ళెక్కడున్నారో! బస్సులో కిటికీ పక్కన కూచుని తాయారు ఆ మాటనే నమిలింది. పిల్లలు పెద్దవాళ్ళు కాకుండా పోరు కదా. ఏ వంటింట్లో ఉన్నారో, ఎవరింటి కోడళ్ళుగా ఉన్నారో! భయపడాల్సిన చోట ఆమెకు భయం వేయలేదు. ఎన్నాళ్ళుగానో పోగొట్టుకున్న వస్తువు ఇంట్లోనే ఏదో మూల ఉందని తెలిసినట్టు, ఎప్పుడు వెతుకుదామా అని ఒకటే ఆత్రం.

మర్నాటి నుంచి మొదలుపెట్టింది. పక్కింటి చిన్నపొన్నుని గోడ మీంచి పిలిచి, "కుక్కరు విజిల్ పడితే నీకు చెవులు నొస్తాయా?" అని అడిగింది. "అయ్యో, ఎన్ని విజిల్సో లెక్కపెట్టమని మా పిల్లకి చెప్పి నేను సీరియల్ చూస్తా, నాకు వినపడి చావదు" అంది చిన్నపొన్ను. పూలమ్మే ఆమెను అడిగింది, పాలవాణ్ణి అడిగింది. పాలవాడు ఆ రోజు నుంచి ఆమెను కొంచెం దూరంగా నిలబడి పలకరించసాగాడు. వేదవల్లమ్మ తల పట్టుకుంది. "పిల్లకి గాలి సోకిందనుకుంటే తల్లికీ సోకిందిరా దేవరాజులూ!" దేవరాజులు చొక్కా విప్పుతూ జేబులోంచి రెండు రబ్బరు బిరడాలు తీసి కిటికీలో పెట్టాడు. కోచ్ ఫ్యాక్టరీలో రేకుల మోతకి చెవులు పాడవకుండా ఇచ్చినవవి. తాయారు ఏళ్ళ తరబడి వాటిని చూస్తూనే ఉంది, సబ్బుతో కడిగి ఆరబెట్టేది కూడా తనే. చప్పుడుకి చెవులు పాడవుతాయని మగవాడికి ఫ్యాక్టరీ బిరడాలిచ్చింది. ఆయనకి గాలి సోకిందని ఎవరైనా అన్నారా? అని అనుకుంటూనే ఆయనకు కాఫీ కలిపిచ్చింది.

ఆ శనివారం రాయపురం వెళ్ళింది. పెద్దమ్మ చెల్లమ్మ అక్కడ తమ్ముడి కొడుకు ఇంట్లో, వెనక వరండాలో అప్పడాలొత్తుకుంటూ ఉంటుంది. రెండుసార్లు పెళ్ళిచూపుల్లోంచి లేచి వెళ్ళి ధాన్యం గదిలో దూరి గడియపెట్టుకున్నందుకు ఆమెకు పిచ్చి చెల్లమ్మ అని పేరుపడింది. ఆ తరవాత ఎవరూ పెళ్ళి మాటెత్తలేదు, ఏ పేరంటానికీ పిలవలేదు, ఏ చుట్టం ముందూ నిలబెట్టలేదు. డెబ్బై దగ్గరపడినా మనిషి రాయిలా ఉంది.

"విజిలా?" అంది చెల్లమ్మ పీట మీంచి తలెత్తకుండా. "నాకూ అట్టనే. మీ అమ్మకూ అట్టనే. చిన్నప్పుడు హార్బర్లో ఓడ కూత పెడితే ఇద్దరం పోటీపడి బియ్యం మూటల ఎనకాల దూరేవాళ్ళం. దానికి తెలివెక్కువ, నేర్చుకునింది. నాకు రాలే."

"ఏం నేర్చుకునింది పెద్దమ్మా?"

"నవ్వేది నేర్చుకునింది."

అమ్మ! ముఖాన నవ్వు చెరగని మనిషని ఊరంతా పొగిడిన అమ్మ. ఏ పెళ్ళికెళ్ళినా పన్నీరు బుడ్డి అమ్మ చేతికే ఇచ్చేవాళ్ళు. ఇంటికి రాగానే తలుపేసుకుని, తలకు తుండుగుడ్డ బిగించి కట్టుకుని, చీకట్లో గోడవైపు తిరిగి పడుకునేది. ఏమ్మా అంటే "తలనొప్పి తల్లీ, పోయి ఆడుకో" అనేది. వారానికి రెండుసార్లు తలనొప్పి. నాన్న "ఆడదానికి తలనొప్పి ఒక ఆభరణం" అని చుట్టాల ముందు జోకు వేసేవాడు. నలభై ఒకటో ఏట తలలో నరం చిట్లి, పన్నీరు చల్లిన చేత్తోనే ఒక సాయంత్రం వాకిట్లో కూలబడిపోయింది. ఒకే కడుపున పుట్టి, ఒకే బియ్యం మూటల వెనక దాక్కున్న ఇద్దరిలో పిచ్చిదనిపించుకున్నది ఇంకా అప్పడాలొత్తుతోంది, మంచిదనిపించుకున్నది నలభై రెండు చూడలేదు. ఏది దేనివల్లో చెప్పడానికి తాయారు డాక్టరు కాదు. చెల్లమ్మకయినా ఎంత ఒంటరితనం, ఎన్ని ఛీత్కారాలు! కానీ ఆ రెండు దారులు తప్ప మూడోది ఉండకూడదా అని మాత్రం దారిపొడుగునా ఆలోచించింది.

ఇంటికొచ్చేసరికి ముందుగదిలో పాఠం నడుస్తోంది. ఇంకో వారంలో మరిది యువరాజ్ పెళ్ళి. మండపం వాకిట్లో చందనం, కుంకం, కలకండ పళ్ళేల దగ్గర తాయారు పక్కన మనవరాలు నిలబడి పన్నీరు చల్లాలని వేదవల్లమ్మ పట్టు. "ఎవరొచ్చినా ముఖం చూడు, నవ్వు. నవ్వితే చాక్లెట్." శ్రీప్రియ జరీ పావడాలో బిగుసుకుని నిలబడి, నానమ్మ నుదుటి బొట్టుకేసి చూస్తూ పళ్ళన్నీ బయటపెట్టింది. తాయారు గుమ్మంలోనే ఆగిపోయింది. అది తన నవ్వు. తనది కూడా కాదు, అమ్మది.

"చూసినావా? నేర్పితే ఎందుకు నేర్చుకోదు! నువ్వు నేర్చుకోలే?" అంది వేదవల్లమ్మ సంబరంగా. ఆవిడ ప్రేమగానే అంది, అందుకే తాయారుకి మరీ దిగులేసింది. పావడా విప్పుతుంటే పిల్ల చేతి వెనకవైపు పంటి గాట్లు కనిపించాయి. చాక్లెట్లు మాత్రం విప్పకుండా గుప్పిట్లోనే ఉన్నాయి.

పెళ్ళినాడు మండపంలో మేళం మొదలయ్యేసరికి వాకిట్లో తాయారూ శ్రీప్రియా నిలబడే ఉన్నారు. డోలు దెబ్బ ఒక్కొక్కటే వచ్చి తాయారు పక్కటెముకలకి తగులుతోంది. పక్కన పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, నవ్వు మాత్రం అట్లాగే పెట్టుకుని ఉంది. తాయారు పుట్టింటివైపు పెద్దావిడెవరో బుగ్గ గిల్లి, "ఎంత నవ్వుముఖమే నీది, అచ్చం మీ అమ్మమ్మే!" అంది.

అంతే. తాయారు పన్నీరు బుడ్డి తీసుకెళ్ళి దేవరాజులు చేతిలో పెట్టింది. "ఇది మీరు చల్లండి."

"నేనా? మగవాణ్ణా? నవ్విపోతారే!"

"నవ్వనీండి, వాళ్ళకి నొప్పి ఉండదు" అని, ఆయన అలవాటు కొద్దీ ఏ చొక్కా తొడిగినా జేబులో వేసుకునే రబ్బరు బిరడాలు చెయ్యిపెట్టి తీసుకుంది. ఆయన నోరు తెరిచేలోపల పిల్ల చేయి పట్టుకుని ఎదురొచ్చేవాళ్ళని దాటుకుంటూ నడిచింది.

మండపం వెనక ఉగ్రాణం గదిలో కొబ్బరికాయల గుట్ట, అరటాకుల కట్టలు. వాటి మధ్య చెల్లమ్మ గోనెపట్టా పరుచుకుని తమలపాకులు తుడుస్తోంది. తాయారు పట్టుబట్టి పిలిస్తే, ఏళ్ళ తరవాత ఒక పెళ్ళికి వచ్చింది మరి. ఎందుకొచ్చారని అడక్కుండా పక్కకు జరిగి చోటిచ్చింది. బిరడాలు చెవుల్లో పెట్టించుకున్నాక శ్రీప్రియ ముఖం మీది నవ్వు నెమ్మదిగా దిగిపోయింది. నవ్వు దిగాక అది ఎంత అందమైన ముఖమో! కాసేపటికి తనంతట తానే ఒక తమలపాకు తీసి తుడవడం మొదలుపెట్టింది.

వెతుక్కుంటూ వేదవల్లమ్మ వచ్చేసింది, చెమటలు కక్కుకుంటూ. "ఈడుండారా! ఆడ వియ్యంకులు పెద్దకోడలేదని అడుగుతాండారు. వాడేమో పన్నీరు అందరి కళ్ళల్లో కొడుతుండాడు. నా పరువు పోతుండాది తాయారూ!" పళ్ళేల దగ్గరికి లాక్కుపోదామన్నట్టు చెయ్యి చాచి, కోడలి ముఖం చూసి ఆగింది. ఏం కనిపించిందో, గొంతు తగ్గించింది. "సరి, కాసేపు కూచో. నేను సర్దుకుంటాలే. తలనొప్పిగా ఉండాదని చెప్పేదా?"

తాయారు అత్త బొట్టుకేసి కాక, కళ్ళల్లోకే చూసింది.

"తలనొప్పని చెప్పొద్దత్తా. మా అమ్మ చచ్చేదాకా అదే చెప్పింది. నాకూ నా బిడ్డకీ ఈ మోత నొప్పి అని చెప్పండి."