గుడ్డ పందిరి

ఆ సందులో నాలుగు షాపులు ఒకే వరసలో ఉండేవి: బార్బరుది, వాచీలు బాగుచేసే ఆయనది, టైలరమ్మది, చివర జిరాక్స్ ఆవిడది. ఎండాకాలం వచ్చిందంటే నలుగురూ పెనం మీద కూర్చున్నట్టే ఉండేవారు. ఎదుటి గోడ దాకా గుడ్డ పందిరి కడితే అందరికీ నీడ వస్తుందని టైలరమ్మకి తోచింది. చందాకి బయల్దేరింది.

బార్బరు కత్తెర ఆపలేదు. "మిగతావాళ్లు ఇచ్చారా అక్కా?"

"ఇంకా లేదు తమ్ముడూ. నీతోనే మొదలు."

"అందరికంటే ముందు ఇచ్చి వెర్రివాణ్ణి కావాలా?"

ఈసారి తెలివిగా ఉందామని జిరాక్స్ ఆవిడతో, అందరూ ఇచ్చేశారని అబద్ధమాడింది.

"అయితే సరిపోయిందిగా వదినా," అందావిడ సంబరంగా. "ఇంక నాది దేనికి?"

వాచీ బాబాయి కంటికున్న భూతద్దం కూడా తీయలేదు. "ముందు కట్టెయ్యమ్మా. తర్వాత నా సంగతి చూద్దాం. నేనెక్కడికి పోతాను?"

టైలరమ్మ తిరిగొచ్చి మిషను ముందు కూలబడింది. మూల స్టూలు మీద గుండీలు కుడుతున్న అత్తగారు అంతా విని నవ్వింది.

"డబ్బులడిగితే ఎవరిస్తారే? గుడ్డ అడుగు. ఎవరి నెత్తి మీదకి వాళ్లే తెచ్చుకోవాలని చెప్పు. తేనివాళ్ల మీద కన్నం వదిలెయ్యి."

ఉపాయం పారింది. బార్బరు రెండు తెల్ల దుప్పట్లు తెచ్చాడు. జిరాక్స్ ఆవిడ ఇంట్లో పాత పరదా విప్పుకొచ్చింది. బాబాయి మాత్రం, "నాది సన్నపని, నాకు వెలుతురు కావాలి," అన్నాడు. సరేనని ఆయన షాపు ముందు మంచమంత కన్నం వదిలి పందిరి కట్టారు.

కానీ ఆ కన్నంలోంచి ఎండ నిటారుగా దిగితేగా. పొద్దున్నే ఏటవాలుగా వచ్చి బార్బరు కుర్చీలో కూర్చునేది. సగం గడ్డం గీసిన గిరాకీ కుర్చీతో సహా నీడలోకి జరిగేవాడు, కత్తి పట్టుకుని బార్బరు వెంటపడేవాడు. మూడు దాటితే టైలరమ్మ వీపు మీదకి వచ్చేది. మిట్టమధ్యాహ్నం మాత్రం సరిగ్గా బాబాయి మీదే పడాలి. ఆ వేళకి ఆయన షాపు మూసి భోజనానికి ఇంటికి వెళ్లేవాడు.

ఆయనకి సిగ్గేస్తుందేమోనని నాలుగు రోజులు చూశారు. "పందిరి భలే కుదిరిందమ్మా," అని మెచ్చుకున్నాడాయన.

టైలరమ్మకి కడుపు మండింది. ఐదో రోజుకి వీపు అంతకంటే ఎక్కువ మండింది.

"ఆయన మీద పంతంతో నన్ను నేనే కాల్చుకుంటున్నాను అత్తయ్యా," అని, చిన్నపిల్లల గౌన్లకి తెచ్చి మిగిలిపోయిన గుడ్డ తీసి కన్నం మూసేసింది. దాని నిండా అరచేతులంత గులాబీలు.

రెండు రోజుల్లో బాబాయి షాపుకి గులాబీల షాపని పేరొచ్చింది. వాచీలిచ్చేవాళ్లు ఆ గుర్తుతోనే వెతుక్కుంటూ వచ్చేవారు. బార్బరు ఆయన్ని గులాబీ బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టాడు. జిరాక్స్ ఆవిడ పిలవలేదు గానీ, అతను పిలిచినప్పుడల్లా నవ్వేది. ఆయన వారం ఓర్చుకున్నాడు. తర్వాత చంకలో దళసరి నీలం గుడ్డతో వచ్చాడు.

"అమ్మాయ్, ఇదిగో నా వాటా. ఆ పూలు తీసెయ్యి."

"సన్నపనికి వెలుతురు కావాలన్నారుగా?"

"బల్బు వేసుకుంటాలే."

"మొదట్లో తెచ్చుంటే అందరితోపాటు కుట్టేసేదాన్ని బాబాయ్. ఇప్పుడైతే విప్పే కూలి, కుట్టుకూలి, నిచ్చెన అద్దె, అన్నీ మీవే."

బాబాయి ఏదో అనబోయి తలెత్తి పైకి చూశాడు. జేబులో చెయ్యి పెట్టాడు. సాయంత్రం నిచ్చెన కదలకుండా పట్టుకున్నదీ ఆయనే. టైలరమ్మ పైన ముడులు వేస్తుంటే, "ఇంకాస్త గట్టిగా కట్టమ్మా, గాలికి పోతుంది," అని కిందనుంచి పది సార్లు చెప్పాడు.