వంటగట్టు ఎత్తు

మా అమ్మాయి ఇంటీరియర్ డిజైన్ చదువుతానన్న రోజే నాకు అనుమానం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా చెక్కపని చేస్తున్నవాణ్ణి. ఇల్లు పొందిగ్గా ఉంచుకోవడానికి మూడేళ్ళ చదువెందుకో నాకు అర్థం కాలేదు. పైగా ఈ డిజైనర్లే కదా ఫ్యాక్టరీ అలమరాలు తెప్పించి నాలాంటివాళ్ళ నోట్లో మట్టి కొడుతున్నది! అయినా దాని మొండిపట్టు నాకు తెలుసు, వాళ్ళమ్మ వకాల్తా సంగతీ తెలుసు. ఒక ఏడాది చూద్దామని చేర్పించాను.

ఏడాది చివర్లో మా ఇంట్లో నిఘా మొదలైంది. అమ్మాయి టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచింది. గోడలూ కిటికీలూ సరే, గిన్నెల అర నుంచి పొయ్యికి ఎన్ని అడుగులో కూడా రాసుకుంది. ఆ తర్వాత వారం రోజులు వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది. చేతిలో ఒక నోటుపుస్తకం. నేను వెళ్తే టక్కున మూసేసేది.

"ఏంటే అది?"

"ప్రాజెక్టు నాన్నా."

"నాకు చూపిస్తే అరిగిపోతుందా?"

"మార్కులు వేశాక చూపిస్తాలే."

అది స్నానానికి వెళ్ళినప్పుడు తెరిచి చూశాను. తప్పే, ఒప్పుకుంటాను. ప్రతి పేజీలో పైన తేదీ, కింద 'అమ్మ' అని, దాని కింద అంకెలు. 'మడమలు 41. భుజం 19.' నాకు ఒళ్ళు మండిపోయింది. ఆడమనిషి మడమలతో ఈ కాలేజీవాళ్ళకేం పని? ఎవరింట్లో ఏముందో, ఏం లేదో పిల్లల చేత రాయించుకుని అలమరాల కంపెనీలకు అమ్ముకుంటున్నారని తేల్చేసి, ఆ మాటే మా ఆవిడతో అన్నాను.

"దాని పని దాన్ని చేసుకోనివ్వండి," అంది మా ఆవిడ, భుజానికి నూనె రాసుకుంటూ.

"అయితే నీకూ తెలుసన్నమాట!"

"నాకేం తెలుసు? కూర్చుంటానంది, కూర్చోమన్నాను."

ఆ మాటా నమ్మలేదు. తల్లీకూతుళ్ళు ఒకటైపోయారనుకున్నాను.

రెండో ఏడాది ఫారం మీద నా సంతకం కావాలి. "ప్రాజెక్టు రోజు మీ కాలేజీకొస్తా. అక్కడ చూసి, నచ్చితేనే సంతకం. లేదంటే చదువు మానెయ్," అన్నాను. దాని మొహం పాలిపోయింది. దాంతో నా అనుమానం ఇంకా గట్టిపడింది.

కాలేజీ హాల్లో గోడల నిండా డ్రాయింగులు. వెనక వరసలో కూర్చుని, కంపెనీవాళ్ళెవరైనా వచ్చారేమోనని వెతికాను. పిల్లలూ, మార్కులు వేసే మేడమూ తప్ప ఎవరూ లేరు. మా అమ్మాయి వంతు వచ్చింది. గోడ మీద మా వంటిల్లు గీసి పెట్టింది. ఇరవై రెండేళ్ళ కిందట నేను నా చేతులతో కట్టిన వంటిల్లు.

"ఇక్కడ పనిచేసే మనిషి ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు మేడం. గట్టు ముప్పై ఎనిమిది అంగుళాలుంది. ఆమెకు ముప్పై మూడు చాలు. పొయ్యి మీద గిన్నెలోకి చూడాలంటే మడమలెత్తాలి. ఒక్క పూట వంటలో నలభై ఒక్కసారి ఎత్తింది. పంతొమ్మిదిసార్లు గరిట పక్కన పెట్టి భుజం నొక్కుకుంది."

ముప్పై ఎనిమిది ఎలా వచ్చిందో నాకు తెలుసు. నేను ఆరడుగుల మనిషిని. ఆ రోజు ఖాళీ గదిలో నిలబడి, నడుం వంచకుండా నా అరచెయ్యి ఎక్కడ ఆనుతుందో చూసుకుని గోడ మీద పెన్సిలు గీత పెట్టాను. ఆ గట్టు దగ్గర నేను ఒక్కరోజు కూడా వంట చేసింది లేదు.

"కట్టిన వడ్రంగికి ఆమాత్రం బుర్ర లేదా?" అంది మేడం. పిల్లలు నవ్వారు.

అమ్మాయి నా వైపు చూసింది. మొన్న దాని మొహం ఎందుకు పాలిపోయిందో అప్పుడు తెలిసింది.

"అలా కాదు మేడం. చాలా మంచి పనివాడు. ఇన్నేళ్ళలో ఒక్క తలుపు కూడా వంకర పోలేదు. కొలతలు తీసిన రోజు అమ్మను మాత్రం పిలవలేదు, అంతే."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. లేచి, "ఆ వడ్రంగిని నేనే," అన్నాను. ఎవరూ నవ్వలేదు. బయటికి రాగానే ఫారం అడిగి తీసుకుని మెట్ల మీదే సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి మా ఆవిడను గట్టు పక్కన నిలబెట్టాను.

"మోచెయ్యి వంచు. కొలవాలి. ఈ గట్టు దించేస్తాను."

"ఇప్పుడా?" అంది ఆశ్చర్యంగా.

"ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం నాకు?"

ఆమె గొంతు పెంచలేదు. "చెప్పానండీ. ఈ ఇంట్లోకొచ్చిన వారానికే చెప్పాను, అందట్లేదని. గట్టు సరిగ్గానే ఉంది, నువ్వే పొట్టిదానివి అన్నారు."

నాకది గుర్తే లేదు.