నూట అరవై ఆంపియర్ల నాన్న

ప్యానెల్ మేస్త్రీ జీవితమంతా వైర్లతో గడిపినా ఎవరితోనూ వైరం పెట్టుకోలేదు. ప్యానెళ్లకు తప్ప ఎవరికీ ఎర్తు పెట్టలేదు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, ఏది కొన్నా ఒక సైజు ఎక్కువ కొనడం. కూతురు బడికి వెళ్లే రోజుల్లో ఆయన తెచ్చిన బూట్లు ఆ పిల్లకంటే ఒక అడుగు ముందే బడికి చేరేవి. తల్లి లేని పిల్ల, ఎక్కడా ఇరుకున పడకూడదని ఆయన తాపత్రయం.

ఇప్పుడు ఆ పిల్లే కాంట్రాక్టరు. నాన్న ప్యానెల్ కడతాడు, ఆమె వైరింగ్ చేయించి, అన్నీ పరీక్షించి సంతకం పెడుతుంది. కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మాత్రం ఆయనకో కొత్త అలవాటు పట్టుకుంది. స్క్రూ బిగించగానే తలతిప్పి కూతురి మొహం చూస్తాడు, బిగిసిందో లేదో అక్కడ రాసి ఉన్నట్టు. ఆ చూపుకి ఆమె గుండె ప్రతిసారీ ఒక చుట్టు వదులయ్యేది.

ప్రసూతి ఆసుపత్రిలో కొత్త ప్యానెల్ అప్పటికే వాడుకలో ఉంది. పని అప్పగించాల్సిన రోజు ఉదయం ఆమె ప్యానెల్ తలుపు తీసింది. లోపల పసిపిల్లల గదికి కరెంటు పోతే దానంతటదే జనరేటర్ మీదకు మార్చే చేంజోవర్ ఉంది. దాని ఒంటి మీద వంద ఆంపియర్లని రాసి ఉంది, ముందుండే బ్రేకరు కూడా వంద దాటకూడదని కింద మరో ముక్క ఉంది. కరెంటు వైపూ జనరేటర్ వైపూ చెరొక బ్రేకరు. తను తెచ్చిచ్చినవి వందలు. ఇక్కడున్నవి నూట అరవైలు.

ఇంకెవరు పెడతారు? కేబులు ఒక సైజు పెద్దది, పెట్టె ఒక సైజు పెద్దది, ఆఖరికి బ్రేకర్లూ పెద్దవే. చేంజోవర్ ఒక్కటే ఆసుపత్రి వాళ్లు కొనిచ్చింది గనక తన సైజులో తాను బుద్ధిగా కూర్చుంది.

చేంజోవర్‌కు అటూ ఇటూ మారడమే తెలుసు, తనను కాపాడుకోవడం తెలియదు. మోయలేనంత కరెంటు మీద పడితే ముందున్న బ్రేకరే తెగించి దారి మూసేయాలి. వంద మోసేవాడికి నూట అరవై దాకా కునుకు తీసే కాపలావాణ్ని పెడితే, దొంగ వెళ్లిపోయాకే ఈల వినబడుతుంది.

వాటిని తీయించకుండా ఆమె సంతకం పెట్టదు. తీయమంటే నాన్న బ్రేకర్లతో పాటు పనిముట్ల సంచి కూడా దించేస్తాడేమోనని భయం. చివరికి పిలిచింది.

"నాన్నా, ఇవి నూట అరవైలు."

"నేనే మార్చానమ్మా," అన్నాడాయన, ఏ దాపరికమూ లేకుండా. "ట్రిప్పంటే జనానికి సరదా గానీ, పసిపిల్లల గదికి కాదు గదా."

మొన్న ఆమె లేనప్పుడు కరెంటు వైపు బ్రేకరు ట్రిప్పై పడిపోయిందట. చేంజోవర్ జనరేటర్‌కు మారింది, ఆ వైపు బ్రేకరూ పడిపోయింది. పిల్లలను వెచ్చగా ఉంచే దీపాలన్నీ ఆరిపోతే, నర్సులు ఒక్కొక్కర్నీ తీసుకెళ్లి తల్లుల గుండెల మీద పడుకోబెట్టారట. పెద్ద సిస్టరు ఒక్క మాటా అనలేదట. అనుంటే బాగుండేదని ఆయన బాధ. మర్నాడే వెళ్లి పెద్దవి పెట్టేశాడు.

"కేబులు మోస్తుంది నాన్నా, చేంజోవర్ మోయలేదు. అది కాలిపోతే కరెంటున్నా, జనరేటరున్నా పిల్లలకు చేరే దారుండదు."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, ఆ చిన్న అక్షరాలకు మొహం ఆనించి చాలాసేపు చదివాడు. తర్వాత జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే తియ్యి తల్లీ. నా చూపు అయిపోయింది."

ఆమె గుప్పిట మూయలేదు. "చూపుకేం కాలేదు. నీకు బెంగెక్కువ, అంతే. ఆ వందలు ఎందుకు చాల్లేదో తేలకుండా మళ్లీ పెడితే మళ్లీ పడతాయి. మీటరు పట్టుకో, చూద్దాం."

ఆయన మీటరు కొక్కెం ఒక్కో వైరుకూ తగిలిస్తూ పోయాడు. దీపాలు, ఫ్యాన్లు, పిల్లల వెచ్చటి తొట్లు, లిఫ్టు అన్నీ మర్యాదగా ఉన్నాయి. చివరి లైను మాత్రం అంకెల్ని ఎగరేసింది. ఇదెక్కడికి పోతోందని అడిగాడు. కూతురు నాలిక్కరుచుకుంది. అది గుడ్డలుతికే పెద్ద యంత్రం. నీళ్లు కూడా అదే కాచుకుంటుంది.

"ఆయా అడిగింది నాన్నా, కరెంటు పోయినా పిల్లల గుడ్డలు ఆగకూడదని. ఒక్కటే కదా అని నేనే కలిపేశా."

ఆయన అద్దాల మీంచి చూశాడు. "ఒక్కటే కదా అనడం ఎవరి దగ్గర నేర్చుకున్నావే?"

"ఇంట్లో చెప్పే మేస్త్రీ ఉండగా బయట నేర్చుకుంటానా?"

ఆయన నవ్వాడు. మూయని గుప్పిట్లోంచి తన స్క్రూడ్రైవర్ తానే తీసుకున్నాడు. నర్సులు పిల్లల్ని మళ్లీ తల్లుల దగ్గరకు చేర్చాక అంతా ఆపి, నూట అరవైలు విప్పి వందలు పెట్టాడు. ఆమె యంత్రం లైనును జనరేటర్ లేని ప్యానెల్‌కు మార్చింది. ఆఖరి స్క్రూ బిగించి ఆయన తల తిప్పలేదు. తనే ఇంకోసారి బిగించి చూసుకున్నాడు.

పిల్లలు తొట్లలోకి రాకముందే పరీక్ష. బయటి కరెంటు తెంచారు. జనరేటర్ గొంతు సవరించుకుంది, చేంజోవర్ టక్కుమంది, గదిలో దీపాలన్నీ వెలిగాయి. లిఫ్టు నాలుగుసార్లు ఎక్కి దిగింది. చాలాసేపు నడిపించాక, ఆయన జ్వరం చూసే మనిషిలా పెట్టె మీద చేతి వెనకవైపు ఆనించాడు.

"చల్లగా ఉంది."

పెద్ద సిస్టరు పిల్లల్ని వెనక్కి తీసుకొచ్చింది. బయటి కరెంటు మళ్లీ కలిపిన కాసేపటికే ఊరంతటికీ కరెంటు పోయి, ఆయా పరిగెత్తుకొచ్చింది. యంత్రం సగంలో ఆగిపోయిందట, నిండా తడి గుడ్డలట, దాన్నీ జనరేటర్ మీద కాస్త నడపకూడదా అని బతిమాలింది.

మేస్త్రీ నోరు తెరిచాడు. ఆయన మళ్లీ నోరు మూసుకుని, ఆ యంత్రమున్న గది వంక జాలిగా చూశాడు.

"కుదరదమ్మా," అన్నాడు. ఆ మాట ఆయన నోట అలవాటు లేక కొంచెం తడబడింది. "పద, నేనొచ్చి పిండిపెడతాను."

పెరట్లో దుప్పటికి ఆయన ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొసకు ఆయా వచ్చేలోపే కూతురు వచ్చింది. నాన్న కుడికి తిప్పాడు, ఆమె ఎడమకు తిప్పింది. నీళ్లు ఇద్దరి కాళ్ల మీదా కారాయి.